రికార్డులో ఉన్నట్టు పాడవయ్యా!

గేటు దగ్గరే మీ ఫోన్‌ని ఒక చిన్న సంచిలో పెట్టి లాక్ చేసేస్తారు. సంచి మీ చేతిలోనే ఉంటుంది, ఫోన్ మాత్రం బయటకు రాదు. షో అయ్యాక గేటు దగ్గరున్న పరికరానికి తాకిస్తేనే తెరుచుకుంటుంది. అంటే లోపల ఉన్నంతసేపూ వీడియో లేదు, స్టోరీ లేదు, టార్చ్ వెలిగించి ఊపుతూ పాడటం లేదు. స్టేజీ మీద వెలుతురు కూడా అంతంతమాత్రమే. పియానో వెనక ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. నమస్కారం ఉండదు, ఊరి పేరు పెట్టి పలకరించడం ఉండదు. పాట మొదలవుతుంది. ఎక్కడో విన్నట్టే ఉంటుంది కానీ పట్టు దొరకదు. రెండో చరణం సగంలో ఉండగా పక్క సీట్లోంచి ఎవరో "ఓరి, ఇది ఆ పాటా!" అంటారు.

ఇదీ బాబ్ డిలన్ కచేరీ. 2021 నవంబరులో అమెరికాలోని మిల్వాకీలో మొదలుపెట్టిన 'రఫ్ అండ్ రౌడీ వేస్' టూర్‌లో ఫోన్లకు తాళం తప్పనిసరి చేశారు. షో అయిపోయి ఫోన్లు చేతికి రాగానే జనం రెండు ముఠాలైపోతారు. "ఇంత డబ్బు పోసి కొన్నాం, ఒక్క పాటా గుర్తుపట్టలేదు" అనేది ఒక ముఠా. "రికార్డు వినాలంటే ఇంట్లోనే వినొచ్చు కదా, ఇక్కడిదాకా ఎందుకొచ్చావ్?" అనేది రెండో ముఠా. మన దగ్గర హీరోల ఫ్యాన్ వార్స్ చూసీ చూసీ రాటుదేలిన మీకు ఇదేం పెద్ద విషయం అనిపించకపోవచ్చు. కానీ ఈ గొడవ ప్రత్యేకత ఏంటంటే, రెండు ముఠాలూ ఒకే మనిషి అభిమానులు. అరవై ఏళ్లుగా ఇదే గొడవ పడుతున్నారు!

మీలో చాలామందికి డిలన్ అంటే 'ఎ కంప్లీట్ అన్‌నోన్' సినిమానే గుర్తొస్తుంది. 2024 డిసెంబరులో వచ్చింది, తిమొతీ షాలమే హీరో, ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు. ఒక్కటీ రాలేదనుకోండి, అది వేరే కథ. సినిమా 1961లో మొదలై 1965లో ఆగిపోతుంది. మిన్నెసోటా రాష్ట్రంలో ఇనుప ఖనిజం తవ్వే హిబ్బింగ్ అనే ఊళ్లో పెరిగిన రాబర్ట్ జిమ్మర్‌మన్, పందొమ్మిదేళ్ల వయసులో గిటార్ పట్టుకుని న్యూయార్క్ చేరి బాబ్ డిలన్ అవుతాడు. తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, తానే పాడేవాణ్ని మన భాషలో వాగ్గేయకారుడు అంటారు. ఇంగ్లిష్ వాళ్ల 'సింగర్-సాంగ్‌రైటర్'కి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. తమాషా ఏంటంటే 1962లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌లో సొంత పాటలు రెండే. మిగతావన్నీ పాత జానపదాలు, వేరేవాళ్లవి. ఏడాది తిరిగేసరికి సీన్ మారిపోయింది. 'బ్లోయిన్ ఇన్ ది విండ్' నల్లజాతి వాళ్ల హక్కుల ఉద్యమంలో చేరిపోయింది. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన వాషింగ్టన్ సభలో ఈ కుర్రాడూ పాడాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు.

సినిమా చివర్లో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ సీన్ ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని వస్తాడు, జనం గోల చేస్తారు, గుంపులోంచి ఒకడు "జూడాస్!" అని అరుస్తాడు. థియేటర్‌లో చూసినవాళ్లకి ఒళ్లు గగుర్పొడిచి ఉంటుంది. పాత అభిమానులకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ కేక న్యూపోర్ట్‌ది కాదు. 1966 మే 17న, ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో, ఫ్రీ ట్రేడ్ హాల్‌లో పడిన కేక అది. దర్శకుడు జేమ్స్ మ్యాంగోల్డ్ దాన్ని పది నెలలు ముందుకు లాగి, అట్లాంటిక్ మహాసముద్రం దాటించి న్యూపోర్ట్‌లో పెట్టేశాడు. సినిమా కదా, సర్దుకుపోదాం అనేవాళ్లున్నారు. నేనైతే పాత అభిమానుల వైపే. పట్టింపు కోసం కాదు. ఆ రెండు రాత్రులూ ఒకటి కావు, రెండింట్లో జనం కోపం కూడా ఒకటి కాదు.

న్యూపోర్ట్ సంగతి చూద్దాం. 1965 జులై 25. అంతకు అయిదు రోజుల ముందే 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' సింగిల్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆరు నిమిషాల పైచిలుకు పాట. రేడియోలో మూడు నిమిషాల పాటలు వేసే కాలంలో అది పెద్ద సాహసమే. ఫెస్టివల్‌లో డిలన్ బ్యాండ్‌తో వచ్చి మూడే మూడు పాటలు వాయించి దిగిపోయాడు. జనం 'బూ' అన్నారు. ఎందుకన్నారు? ఎలక్ట్రిక్ గిటార్ పట్టినందుకా? సౌండ్ దరిద్రంగా ఉండి మాటలు వినపడనందుకా? పెద్ద స్టార్ మూడు పాటలకే వెళ్లిపోయినందుకా? అక్కడున్నవాళ్లే తలా ఒక మాట చెబుతారు. జానపద గాయకుడు పీట్ సీగర్ గొడ్డలితో కేబుల్ నరికేయబోయాడని ఒక కథ ప్రచారంలో ఉంది. తనకు కోపం తెప్పించింది ఎలక్ట్రిక్ గిటార్ కాదనీ, పాటలో మాటలు వినపడకపోవడమేననీ ఆయన తర్వాత చెప్పుకొచ్చాడు. డిలన్ మళ్లీ మామూలు గిటార్‌తో వచ్చి రెండు పాటలు పాడాకే ఆ రాత్రి గడిచింది. మొత్తానికి అది కొంత కోపం, కొంత గందరగోళం.

మాంచెస్టర్‌లో గందరగోళం ఏమీ లేదు. అప్పటికే అమెరికాలో, ఆస్ట్రేలియాలో, యూరప్‌లో ఊరూరా ఇదే తంతు. మొదటి సగం డిలన్ ఒక్కడే గిటార్, మౌతార్గాన్‌తో పాడతాడు. జనం గుడిలో కూర్చున్నట్టు వింటారు. రెండో సగంలో బ్యాండ్ వస్తుంది, గోల మొదలవుతుంది. డ్రమ్స్ వాయించే లెవాన్ హెల్మ్ ఈ తిట్లు పడలేక 1965 చివర్లోనే టూర్ వదిలేసి, వెళ్లి సముద్రంలో చమురు బావి మీద పనికి కుదిరాడు. ఆలోచించండి, కచేరీలో డ్రమ్స్ కంటే ఆయిల్ రిగ్ నయమనిపించింది ఆయనకి. మాంచెస్టర్ జనానికి ఏం జరగబోతుందో తెలుసు. తెలిసే టికెట్ కొన్నారు. తెలిసే వచ్చి, చివరి పాటకు ముందు ఆ నిశ్శబ్దంలో ఒకడు ఆ మాట అన్నాడు.

జూడాస్ అంటే మన తెలుగు బైబిల్లో ఇస్కరియోతు యూదా. ముప్పై వెండి నాణేలకు ఏసును పట్టించిన శిష్యుడు. యూదు కుటుంబంలో పుట్టిన ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ని పట్టుకుని నిండు సభలో అనాల్సిన మాటా అది! డిలన్ నిన్ను నమ్మనన్నాడు, నువ్వు అబద్ధాలకోరువన్నాడు, గట్టిగా వాయించమని వెనక్కి తిరిగి బ్యాండ్‌కి చెప్పి 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' ఎత్తుకున్నాడు. ఆ రాత్రి రికార్డింగ్ బయటికి పొక్కి, దొంగ రికార్డుగా ఏళ్లతరబడి చేతులు మారింది. లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పాడిందని ఎవరో తప్పుగా రాయడంతో అదే పేరు స్థిరపడిపోయింది. 1998లో కంపెనీయే అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ తప్పు పేరునే కొటేషన్లలో పెట్టి మరీ అట్ట మీద అచ్చేసింది. కేక వేసింది ఎవరన్నది అభిమానుల్లో ఇప్పటికీ తేలని పంచాయితీ.

ఆ కేక వేసినవాణ్ని మూర్ఖుడని కొట్టిపారేయడం తేలిక. అరవై ఏళ్ల తర్వాత సినిమా చూస్తూ మనందరం డిలన్ పార్టీయే. కానీ ఒక్క నిమిషం అవతల కూర్చుని చూడండి. 1963లో నీకు పద్దెనిమిదేళ్లు. ఊరేగింపులో నలుగురితో కలిసి ఆ పాట పాడావు. నీ బుద్ధికి, నీ కోపానికి మాటలిచ్చింది ఆ పాట. దాన్ని రాసినవాడు నీవాడు. మూడేళ్లు తిరగకుండానే ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చెవులు చిల్లులుపడే మోతతో, నీకు అర్థంకాని మాటలు పాడుతున్నాడు. నువ్వు ఇంకా ఊరేగింపులోనే ఉన్నావు, ఆయన లేడు. ఆ బాధ నిజమైనదే. గిటార్‌కి కరెంటు తగిలించడం గురించిన గొడవ కాదిది. నన్ను ఇక్కడిదాకా తెచ్చి నువ్వెక్కడికి పోతున్నావ్ అనే గొడవ. రైతు పాటలు, పోరాట పాటలు రాసినవాళ్లు సినిమాలకు రాస్తే మన దగ్గర వచ్చే మాటలు గుర్తు తెచ్చుకోండి, తేడా ఏమీ ఉండదు.

అయితే ఆ కేక నుంచి డిలన్ నేర్చుకున్నదేంటో చూడండి. ఇకమీదట జాగ్రత్తగా ఉందాం, జనానికి కావాల్సింది ఇద్దాం అని కాదు. సరిగ్గా తలకిందులు.

1966 జులైలో మోటార్‌సైకిల్ ప్రమాదం. ఆ తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు టూర్లు లేవు. అప్పుడప్పుడూ ఒకసారి కనిపించేవాడు. 1971లో జార్జ్ హారిసన్, మన రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెట్టిన కచేరీ అలాంటిదే. ఈలోపు 1969లో 'నాష్‌విల్ స్కైలైన్' వచ్చింది. అందులో గొంతే మారిపోయింది, బెల్లం పాకంలా! ఇది డిలనేనా అని జనం అట్ట తిప్పి చూసుకున్నారు. 1970లో 'సెల్ఫ్ పోర్ట్రెయిట్' వస్తే పత్రికలు బూతులు తిట్టినంత పని చేశాయి. 1979లో ఇంకో మలుపు. క్రైస్తవంలో మునిగి, శాన్‌ఫ్రాన్సిస్కో వార్‌ఫీల్డ్ థియేటర్‌లో వరసగా కచేరీలు పెట్టి, పాత పాట ఒక్కటీ పాడకుండా కొత్త భక్తి పాటలే పాడాడు. జనం మళ్లీ 'బూ'. 2015 నుంచి మూడేళ్లపాటు అమెరికన్ పాత సినిమా, నాటక పాటలు, సినాట్రా పాడినవి, వరసగా రికార్డు చేశాడు. అందులో 'ట్రిప్లికేట్' ఒక్కదాంట్లోనే ముప్పై పాటలు, మూడు డిస్కులు.

ఇక్కడే అభిమానుల చరిత్రలో నాకు బాగా నవ్వొచ్చే సంగతి ఉంది. 'సెల్ఫ్ పోర్ట్రెయిట్' రోజుల మిగులు రికార్డింగులు 2013లో పెట్టెగా వచ్చాయి. భక్తి పాటల కచేరీలు 2017లో ఇంకా పెద్ద పెట్టెగా వచ్చాయి. "అప్పట్లో మనం సరిగ్గా వినలేదు" అంటూ అభిమానులు బోలెడు డబ్బు పోసి కొనుక్కున్నారు. ఛీకొట్టిన దాన్నే నలభై ఏళ్లకు అపురూపంగా కొనుక్కోవడం డిలన్ అభిమానికి అలవాటైపోయింది.

ఇంతకీ పాటని మార్చి పాడటం అంత పెద్ద నేరమా? ఈ ప్రశ్న మన ఊళ్ల పద్యనాటకం చూసినవాణ్ని అడిగితే నవ్వుతాడు. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. రాయబారం సీన్లో కృష్ణుడి పద్యాలు ఊరంతటికీ నోటికొచ్చు. కథ తెలుసు, మాట తెలుసు, ఎక్కడ రాగం ఎత్తుతారో కూడా తెలుసు. మరి తెల్లవార్లూ చలిలో చాపల మీద కూర్చుని ఎందుకు చూశారు? ఈ రాత్రి ఈయన ఎలా ఎత్తుకుంటాడు, ఎక్కడ ఆపుతాడు, హార్మోనియం వాడితో ఎంతసేపు ఆడుకుంటాడు అని. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు గొప్పా, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు గొప్పా అని ఊళ్లో రచ్చబండ దగ్గర వారం రోజులు వాదించుకునేవాళ్లు. నచ్చితే "వన్స్ మోర్!" అన్న కేక. ఆ కేకకి అర్థం ఇందాకటిదే మళ్లీ పాడమని మాత్రమే కాదు. ఇంకోసారి ఎత్తుకో, ఈసారి ఇంకేం చేస్తావో చూస్తాం అని కూడా. సంగీత కచేరీలకు వెళ్లేవాళ్లకైతే మనోధర్మం అన్న మాట ఉండనే ఉంది. ఒక కీర్తనని ఒక్కో శిష్యపరంపర ఒక్కోలా పాడితే దానికి పాఠాంతరం అని గౌరవంగా పేరు కూడా పెట్టుకున్నాం.

రికార్డులో ఉన్నట్టే పాడాలన్న పట్టుదల మనకి సినిమా పాటతో వచ్చింది. అక్కడ పాట అంటే రాసిన మాట, కట్టిన బాణీ మాత్రమే కాదు. ఆ రోజు స్టూడియోలో పడిన తబలా దెబ్బ, మధ్యలో వచ్చే వేణువు బిట్టు అన్నీ కలిపి పాట. ఆ బిట్టు లేకపోతే పాట తప్పు పాడినట్టే లెక్క. డిలన్ మీద కోప్పడే అభిమాని కూడా ఇలాగే వింటాడు. డిలన్ మాత్రం రికార్డుని ఆ రోజు తీసిన ఫొటోలా చూస్తాడు. పద్దెనిమిదేళ్లప్పటి ఫొటో చూపించి ఇలాగే ఉండు అంటే ఎవరు మాత్రం ఉంటారు?

పోలిక ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే డిలన్ పద్యనాటకం వాళ్లకంటే రెండడుగులు ఎక్కువే వేశాడు. కృష్ణుడు రాగం మార్చినా పద్యంలో మాట మార్చడు. డిలన్ మాటలూ మార్చేస్తాడు. పైగా మన నటుడు జనం ముఖంలోకి చూసి పాడతాడు, చప్పట్లని బట్టి పెంచుతాడు, తగ్గిస్తాడు. డిలన్‌కి ఆ మొహమాటం లేదు. "వన్స్ మోర్" అంటే ఆయన చెవినే వేసుకోడు.

అందుకే టికెట్ కొన్నవాడి ఫిర్యాదుని నేను తీసిపారేయను. డిలన్ ఏం చేసినా గొప్పే అనే భక్తబృందం ఒకటుంది, వాళ్లతో మహా కష్టం. 1991 ఫిబ్రవరి గ్రామీ వేడుక వీడియో చూడండి. గల్ఫ్ యుద్ధం నడుస్తోంది. జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్న రోజు. ఆయన ఎంచుకున్నది 'మాస్టర్స్ ఆఫ్ వార్', యుద్ధం మీద వ్యాపారం చేసేవాళ్లని తిట్టిపోసే పాట. ఎంపిక అదిరింది, గుండె ధైర్యం ఉన్నవాడే చేయగలడు. పాడటం మాత్రం ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పాట తెలిసినవాళ్లకే ఏం పాడుతున్నాడో తెలియలేదు. సరిగ్గా వినపడాల్సిన రోజున వినపడని పాట అది. దాన్ని కూడా 'పునఃసృష్టి' అని సమర్థించేవాళ్లున్నారు. నాకు ఆ ఓపిక లేదు. ఆ కాలంలో బాగాలేని రాత్రులు చాలానే ఉన్నాయని వెంట తిరిగిన అభిమానులే ఒప్పుకుంటారు.

వెంట తిరగడం అంటే మామూలుగా కాదు. 1988 జూన్ 7న కాలిఫోర్నియాలోని కాంకార్డ్‌లో మొదలైన తిరుగుడుకి అభిమానులు 'నెవర్ ఎండింగ్ టూర్' అని పేరు పెట్టుకున్నారు. 2019కే మూడు వేల కచేరీలు దాటాయి. ప్రతి రాత్రీ ఏ పాట తర్వాత ఏ పాట పాడాడు, ఎక్కడ గిటార్ పట్టాడు, ఏ చరణం వదిలేశాడు అన్న లెక్కలన్నీ అభిమానులు రాసిపెట్టుకున్నారు. ఆయన దగ్గర ఉందో లేదో గానీ వీళ్ల దగ్గర చిట్టా ఉంది.

వీళ్లు డిటెక్టివులు కూడా. 1967 చివర్లో వచ్చిన 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బమ్ అట్టని తలకిందులుగా తిప్పి, చెట్టు బెరడులో బీటిల్స్ ముఖాలు వెతికినవాళ్లు వీళ్లు. (ఆ అట్ట మీద డిలన్‌కి అటూ ఇటూ నిలబడ్డది మాత్రం మన బెంగాల్ బౌల్ గాయకులు పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్. వాళ్లకోసం ఎవరూ తిప్పి చూడక్కర్లేదు, నిటారుగానే కనిపిస్తారు.) 2001లో వచ్చిన 'లవ్ అండ్ థెఫ్ట్' పాటల్లో కొన్ని మాటలు జపాన్ రచయిత జునిచి సాగా పుస్తకంలోవి అని పట్టుకున్నది ఒక మామూలు పాఠకుడే. 2022లో డిలన్ స్వయంగా సంతకం చేశారంటూ ఒక్కో ప్రతి 599 డాలర్లకు పుస్తకం అమ్మితే, కొన్నవాళ్లు సంతకాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసి, ఇవి చేత్తో పెట్టినవి కావు, యంత్రం గీసినవి అని తేల్చారు. ప్రచురణకర్తలు డబ్బు వెనక్కిచ్చారు. డిలన్ కళ్లు తిరిగే జబ్బు వల్ల అలా చేయాల్సి వచ్చిందని చెప్పి, తప్పేనని ఒప్పుకున్నాడు. ఎప్పుడూ సంజాయిషీ ఇవ్వని మనిషి చేత ఒక్కసారైనా ఇప్పించింది అభిమానులే!

హద్దు దాటినవాళ్లూ ఉన్నారు. 1970ల మొదట్లో ఒకాయన న్యూయార్క్‌లో డిలన్ ఇంటి ముందు చెత్తడబ్బాలు వెతికి, అందులో దొరికినవాటితో పాటలకు అర్థాలు చెప్పేవాడు. 'డిలనాలజీ' అనే మాటని వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. ఇంట్లో చిన్న పిల్లలున్న మనిషికి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. సెలబ్రిటీ ఇంటి గేటు ముందు కెమెరాలు పట్టుకుని నిలబడేవాళ్లకి ఈయన ముత్తాత.

మళ్లీ ఫోన్ సంచి దగ్గరకి వద్దాం. ఇందులో ఒక పెద్ద మెలిక ఉంది. 1969లో 'గ్రేట్ వైట్ వండర్' అని పేరులేని తెల్ల అట్టలో డిలన్ పాటల దొంగ రికార్డు వచ్చింది. రాక్ సంగీతంలో పేరుమోసిన మొదటి దొంగ రికార్డు అదే. అప్పటి నుంచి చొక్కాలో మైకు దాచి, టేపు రికార్డర్ సంకలో పెట్టి రికార్డు చేసినవాళ్లకు లెక్కలేదు. 1983లో 'ఇన్ఫిడెల్స్' ఆల్బమ్ నుంచి డిలన్ 'బ్లైండ్ విల్లీ మక్‌టెల్' అనే పాటని తీసిపారేశాడు. అది దొంగచాటుగా చేతులు మారి, ఆయన గొప్ప పాటల్లో ఒకటని పేరు తెచ్చుకున్నాక, 1991లో గానీ అధికారికంగా వెలుగు చూడలేదు. ఆ సిరీస్ పేరే 'బూట్‌లెగ్ సిరీస్', అంటే దొంగ రికార్డుల వరస! దొంగల సరుకు పేరునే కంపెనీ తన అట్ట మీద వేసుకుంది. అలాంటి మనిషి ఇప్పుడు ఫోన్లకు తాళం వేయిస్తున్నాడు. తాళం వేసినా రికార్డింగులు బయటికి వస్తూనే ఉన్నాయి, ఎలా అని నన్నడక్కండి.

తాళం మంచిదే అంటాను నేను. కాపీరైట్ కోసం కాదు. ఆ మాటకొస్తే 2020 డిసెంబరులో ఆరు వందలకు పైగా పాటల రచన హక్కుల్ని యూనివర్సల్ కంపెనీకి అమ్మేశాడు కూడా. కాగితం మీద ఆ పాటలు ఇప్పుడు కంపెనీవి. కానీ రాత్రికి రాత్రి వాటిని ఎలా తిప్పుతాడో కంపెనీకీ తెలియదు. ఫోన్ చేతిలో ఉంటే మనం ఏ పాట వస్తుందా, ఎక్కడినుంచి రికార్డు చేద్దామా అని ముందే సిద్ధమై ఉంటాం. అంటే మనకి తెలిసిన పాట కోసమే చూస్తుంటాం. అది లేనప్పుడు చెవి తప్ప వేరే దిక్కు లేదు. గుర్తుపట్టేదాకా ఆ రెండు నిమిషాలు తెలియని పాట విన్నట్టే వినాలి.

1941లో పుట్టిన మనిషి. ఎనభై దాటాక చేస్తున్న టూర్‌లో జనం ఎదురుచూసే పాత హిట్లు చాలావరకు పక్కనపెట్టి, డెబ్భై తొమ్మిదో ఏట విడుదల చేసిన ఆల్బమ్‌లోని పాటలే ఎక్కువ పాడాడు. ఆ పాటల్లో చావు ఉంది, పాత స్నేహితులున్నారు, చదివిన పుస్తకాలున్నాయి. అదే ఏడాది, లాక్‌డౌన్ రోజుల్లో, కెన్నెడీ హత్య మీద దాదాపు పదిహేడు నిమిషాల పాట వదిలాడు. తన గొంతుతో పాడిన పాటకి బిల్‌బోర్డ్ చార్టుల్లో మొదటి స్థానం దొరకడం ఆయనకి అదే మొదటిసారి. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' కూడా రెండో స్థానం దగ్గరే ఆగింది మరి. షాలమేని చూసి, ఆ ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని వెతుక్కుంటూ టికెట్ కొన్నవాళ్లకి అక్కడ ఆ కుర్రాడు దొరకడు. ముసలి గొంతు దొరుకుతుంది. అది పాడుతున్నది ముసలివాడి పాటలే. నాకు ఇందులో మోసం ఏమీ కనిపించదు. కుర్రాడిలా నటిస్తూ పాత పాటలు పాడితేనే మోసమయ్యేది.

మీరే తీర్పు చెప్పాలంటే కచేరీకి వెళ్లక్కర్లేదు, ఇయర్‌ఫోన్లు చాలు. 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ' అనే ఒక్క పాట తీసుకోండి. మొదట 1975 నాటి 'బ్లడ్ ఆన్ ది ట్రాక్స్' ఆల్బమ్‌లోది వినండి. ఆల్బమ్ అంతా న్యూయార్క్‌లో రికార్డు చేసి, విడుదలకు సిద్ధమయ్యాక, తమ్ముడి మాట విని అయిదు పాటల్ని మిన్నియాపొలిస్‌లో మళ్లీ పాడాడు. అందులో ఇదొకటి. ఆ తర్వాత, పక్కనపెట్టేసిన న్యూయార్క్ రికార్డింగ్ వినండి. 1991 బూట్‌లెగ్ సిరీస్‌లో ఉంది. నెమ్మదిగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటుంది. చివరికి 1984 నాటి 'రియల్ లైవ్'. లండన్ వెంబ్లీలో వేలమంది ముందు ఒంటరిగా గిటార్‌తో పాడాడు. కథ అదే, మాటలు మాత్రం సగానికి సగం మార్చేశాడు. ఆమె ఎవరు, అతను ఎవరు, ఎవరు ఎవర్ని వదిలేశారు అన్నది కూడా మొదటిదాంట్లోలా ఉండదు.

నా ఓటు రెండోదానికి. మా డెస్క్‌లో డిలన్ వినేవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఒకరు మొదటిది తప్ప మిగతావి పాటలే కావంటారు. ఇంకొకరు మూడోదాని ముందు ఏదీ నిలవదంటారు. లంచ్‌లో ఈ సంగతి ఎత్తితే ముగ్గురి డబ్బాలూ చల్లారిపోతాయి.